డబ్బా టీవీ కోసం పుట్టిన కంప్యూటర్, ఫ్లాట్ తెర ముందు

బీబీసీ మైక్రో స్విచ్ వేయగానే ముందు ఒక మందపు శబ్దం, వెంటనే ఒక బీప్ వినబడతాయి. ఆ బీప్ వచ్చిందంటే ప్రాసెసర్, రామ్, రోమ్ లోపలి ప్రోగ్రాములు అన్నీ ప్రాణంతో ఉన్నట్టే. అయినా ఎదురుగా ఉన్న ఎల్‌సీడీ మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అంటుంది, లేదా "అవుట్ ఆఫ్ రేంజ్" అని రాసి నిద్రపోతుంది. తప్పు కంప్యూటర్‌దో కేబుల్‌దో అనుకోవడం సహజం. చాలాసార్లు రెండింటిదీ కాదు. కంప్యూటర్ పంపే సంకేతం ఆ తెరకు తెలిసిన సంకేతాల్లో ఒకటి కాదు, అంతే.

1981లో ఇంగ్లండ్‌లోని ఏకార్న్ తయారుచేసిన ఈ యంత్రం మన దేశానికీ కొత్తది కాదు. 1984-85లో బడుల కోసం మొదలైన క్లాస్ ప్రాజెక్టు దీని మీదే నడిచింది. సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ దీన్నే యూనికార్న్ పేరుతో తెచ్చింది. సింక్లెయిర్ స్పెక్ట్రమ్ ప్లస్‌ను డెసిబెల్స్ సంస్థ డీబీ స్పెక్ట్రమ్ పేరుతో ఇక్కడ అమ్మింది. కాబట్టి బడి స్టోర్‌రూముల్లోనో ఇళ్ల అటకల మీదో ఇవి ఇంకా బయటపడడంలో ఆశ్చర్యం లేదు. వాటితో వచ్చిన పిక్చర్ ట్యూబు టీవీలే ఎప్పుడో పాత సామాన్ల బండెక్కాయి.

బొమ్మ ఎంత శుభ్రంగా వస్తుందన్నది, కంప్యూటర్ లోంచి సంకేతాన్ని ఏ చోట పట్టుకున్నామన్న దాని మీద ఆధారపడుతుంది. కదలిక ఎంత సాఫీగా ఉంటుందన్నది, తెర సెకనుకు 50 ఫ్రేముల వేగాన్ని, అంటే 50 హెర్ట్జ్‌ను ఒప్పుకుంటుందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. పాత సంకేతాన్ని కొత్త తెరకు తగ్గట్టు మార్చే కన్వర్టర్ ధర వీటి తర్వాతి సంగతి. చాలామంది మాత్రం కన్వర్టర్ కొనడంతోనే మొదలుపెడతారు.

అసలు ఆ సంకేతంలో ఏముంది

మన దగ్గరా ఇంగ్లండ్‌లోనూ టీవీలకు వాడిన పాల్ పద్ధతిలో టీవీ సెకనుకు 15,625 గీతలు, అంటే 15.6 కిలోహెర్ట్జ్ వేగంతో గీస్తుంది. ప్రసారాల్లో 625 గీతల ఫ్రేమును రెండు సగాలుగా విడగొట్టి, ఒక సగం గీతల మధ్య ఖాళీల్లో రెండో సగం గీతలు పడేలా పంపేవారు. దీన్నే ఇంటర్‌లేస్ అంటారు. ఇంటి కంప్యూటర్లలో చాలావరకు ఆ తంటా పెట్టుకోలేదు. ప్రతిసారీ 312 గీతలు, అవీ అదే చోట. వాటిలో కంటికి కనబడేవి 288 దాకా. అందుకే దీన్ని 288పీ అంటారు. అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో ఇదే 240పీ. ట్యూబు టీవీకి ఇందులో ఇబ్బందేమీ లేదు. గీత మొదలుపెట్టమంటే మొదలుపెట్టేది, పైకి వెళ్లమంటే వెళ్లేది, లెక్కలు అడిగేది కాదు.

ఫ్లాట్ తెర అలా చేయలేదు. వచ్చినదాన్ని ముందు కొలిచి, తన పట్టికలో ఉన్న ఏదో ఒక రూపంతో సరిపోల్చుకోవాలి. పీసీ మానిటర్లకు వాడే వీజీఏ సాకెట్ పట్టిక దాదాపు 31 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మన కంప్యూటర్ అందులో సగం మీద ఉంటుంది. అందుకే పిన్నులు అటూ ఇటూ మార్చి కట్టిన ఆర్‌జీబీ-వీజీఏ తీగలు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను విడివిడిగా మోసేవి) దాదాపు ఎక్కడా పనిచేయవు. "అడాప్టర్" అన్న మాట ఈ రంగంలో చాలామంది డబ్బు తినేసింది: తీగ సంకేతాన్ని మోస్తుంది, మార్చదు. 15 కిలోహెర్ట్జ్‌ను వీజీఏ సాకెట్‌లోనే ఒప్పుకునే ఎల్‌సీడీలు కొన్ని లేకపోలేదు, బెన్‌క్యూ బీఎల్702ఏ అలాంటిదే. అవి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అదృష్టం. అటు వైపు మినహాయింపు అటారీ ఎస్‌టీ. దాని నలుపు-తెలుపు 640×400 తెర 35.7 కిలోహెర్ట్జ్, 71 హెర్ట్జ్ మీద నడుస్తుంది. అది మాత్రం ఉత్త తీగతోనే చాలా వీజీఏ మానిటర్లలో కనబడుతుంది. అదే యంత్రాన్ని రంగుల్లోకి మారిస్తే మళ్లీ 15 కిలోహెర్ట్జే.

ఇంకో చిన్న మెలిక ఉంది. ఈ యంత్రాల 50 హెర్ట్జ్ నిక్కచ్చిగా 50 కాదు. 48కే స్పెక్ట్రమ్‌లో ఒక గీతకు 224 గడియారపు టిక్కులు, ఫ్రేముకు 312 గీతలు, గడియారం 3.5 మెగాహెర్ట్జ్. భాగిస్తే 50.08 వస్తుంది. పాల్ కమోడోర్ 64లో 985,248ని 63తోనూ 312తోనూ భాగిస్తే 50.12. మనుషులకు తెలియని ఈ తేడా కొన్ని కన్వర్టర్లకు బాగా తెలుస్తుంది. కొన్ని నిమిషాలకోసారి బొమ్మ ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తుంటే దాని వెనక ఉన్నది తరచూ ఇదే.

యాంటెన్నా సాకెట్ జోలికి పోకపోవడమే మంచిది

స్పెక్ట్రమ్ తన బొమ్మను యూహెచ్ఎఫ్ 36వ ఛానల్‌లో ప్రసారంలా పంపుతుంది. కొత్త టీవీలో అనలాగ్ ట్యూనర్ ఉంటే దొరకవచ్చు. అయితే ఆటో ట్యూనింగ్ బలహీనమైన ఈ సంకేతాన్ని దాటేస్తుంది కాబట్టి, మాన్యువల్ ట్యూనింగ్‌లో 591 మెగాహెర్ట్జ్ దగ్గర వెతకాలి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన యంత్రాలకు శబ్దం చిక్కు కూడా ఉంది. అక్కడ బొమ్మకూ శబ్దానికీ మధ్య ఎడం 6 మెగాహెర్ట్జ్, ఇక్కడి టీవీల్లో 5.5. బొమ్మ వచ్చి, శబ్దం బదులు బుస్సుమనే హోరు వస్తే కారణం అదే. ఇన్ని పాట్లు పడ్డాక వచ్చే బొమ్మ ఎటూ మసకే.

48కే స్పెక్ట్రమ్‌లో దీనికి సులువైన మందు ఉంది. బొమ్మను ప్రసార సంకేతంగా మార్చే, వెనక ఉన్న వెండిరంగు మాడ్యులేటర్ డబ్బాలోకి బోర్డు నుంచి రెండు తీగలు వెళ్తాయి. ఒకటి 5 వోల్టుల కరెంటు, రెండోది అప్పటికే తయారైన కాంపోజిట్ వీడియో (వెలుగూ రంగూ కలిసిన సంకేతం). రెండింటినీ బోర్డు దగ్గర ఊడదీయాలి. డబ్బా మూత తీసి, ఆర్‌సీఏ సాకెట్ నడిమి పిన్నుకు అతుక్కున్న రెసిస్టర్ కాలును విడగొట్టాలి. బోర్డు మీది వీడియో బిందువు నుంచి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా, ప్లస్ కాలు బోర్డు వైపు ఉంచి, అదే నడిమి పిన్నుకు తీగ సోల్డర్ చేయాలి. డబ్బాకు రంధ్రం పడదు, రేపు కావాలంటే మళ్లీ పాతలా చేసుకోవచ్చు. 5 వోల్టుల తీగ ఊడదీయడం మరిచిపోతే మాడ్యులేటర్ పనిచేస్తూనే ఉండి బొమ్మలో గళ్లు గళ్లుగా చారలు తెస్తుంది. నలుపు-తెలుపులో మాత్రమే వస్తోందంటే, పాత బోర్డుల్లో రంగు ఫ్రీక్వెన్సీ అయిన 4.4336 మెగాహెర్ట్జ్‌ను సరిచేసే ట్రిమ్మర్ ఉంటుంది. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో దాన్ని వెంట్రుకవాసి తిప్పి చూడాలి. లోహపు స్క్రూడ్రైవర్ తగిలినంతసేపు ఒక ఫ్రీక్వెన్సీ, తీయగానే ఇంకొకటి అవుతుంది.

కాంపోజిట్ అంటే పసుపు ఆర్‌సీఏ సాకెట్. ఇప్పటి టీవీల్లో అది 3.5 మిల్లీమీటర్ల నాలుగు వలయాల జాక్‌గా మారింది. ఇక్కడ జాగ్రత్త పడాలి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా, ఆ వలయాల్లో దేనికి వీడియో, దేనికి గ్రౌండ్ అన్నది తయారీదారును బట్టి మారుతుంది. బొమ్మ బదులు స్పీకర్లో గుర్రుమనే చప్పుడు వస్తే, పసుపు తీగను ఎరుపు లేదా తెలుపు ప్లగ్గుకు మార్చి చూడాలి. గ్రౌండే తప్పు వలయంలో ఉంటే ఏ ప్లగ్గు మార్చినా లాభం లేదు, ఆ టీవీతో వచ్చిన తీగే కావాలి.

కాంపోజిట్‌లో వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసి వెళ్తాయి. టీవీ వాటిని విడదీసేటప్పుడు అక్షరాల అంచుల వెంట చుక్కలు చీమల బారులా పాకుతాయి. ఇది ఏ కన్వర్టర్‌తోనూ పూర్తిగా పోదు. ఒకసారి కలిపిన పాలూ నీళ్లే అవి. కమోడోర్ 64లో ఈ కలపడం జరగకముందే పట్టుకునే వీలుంది. ఎనిమిది పిన్నుల వీడియో సాకెట్‌లో 1వ పిన్ వెలుగు, 2 గ్రౌండ్, 3 శబ్దం, 4 కాంపోజిట్, 6 రంగు. 1నీ 6నీ తీసుకుంటే అది ఎస్-వీడియో అవుతుంది. అయితే ఈ యంత్రం రంగును టీవీలు ఆశించే మోతాదు కంటే గట్టిగా పంపుతుంది. ఎరుపు పక్కకు కారిపోవడం, రంగుల్లో గీతలు కనబడడం దానివల్లే. 6వ పిన్ తీగలో 300 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వరుసలో వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఈ యంత్రం ఆర్‌జీబీని అసలు ఇవ్వదు కాబట్టి, దీని కోసం కన్వర్టర్ కొనేటప్పుడు చూడాల్సింది ఎస్-వీడియో సాకెట్ ఉందా లేదా అని మాత్రమే.

బీబీసీ మైక్రో: మంచి సంకేతం చేతికందే చోట

బీబీసీ మైక్రో వెనక బొమ్మకు మూడు దారులు ఉన్నాయి: యాంటెన్నా, కాంపోజిట్, ఆర్‌జీబీ. కాంపోజిట్ కలిపినవాళ్లు బొమ్మ బూడిదరంగులో వచ్చిందని బెంగపడతారు. అది లోపం కాదు. అక్షరాలు పదునుగా కనబడాలని ఆ దారిలో రంగును కావాలనే వదిలేశారు. బోర్డు మీద ఎస్39 లింకు కలిపితే రంగు వస్తుంది, పదును తగ్గుతుంది. ఆర్‌జీబీ సాకెట్ పక్కనే ఉండగా ఆ లింకు జోలికి పోవాల్సిన పని లేదు.

ఆ ఆరు పిన్నుల డిన్ సాకెట్‌లో 1 ఎరుపు, 2 ఆకుపచ్చ, 3 నీలం, 4 సింక్ (గీత, ఫ్రేము ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సంకేతం), 5 గ్రౌండ్, 6 ఐదు వోల్టుల కరెంటు. పిన్నుల వరుస డిన్ సాకెట్లలో అంకెల క్రమంలో ఉండదు. ప్లగ్గు మీద చెక్కిన అంకెలు చూసే సోల్డర్ చేయాలి. 6వ పిన్ పొరపాటున రంగు పిన్నుకు తగిలితే, కన్వర్టర్ 0.7 వోల్టులు ఆశించే చోట 5 వోల్టులు పడతాయి.

రంగు పిన్నులు కూడా తక్కువ తినేవేమీ కాదు. అవి డిజిటల్ స్థాయిలో ఉంటాయి: వెలిగితే పూర్తిగా, లేదంటే సున్నా. అందుకే ఈ యంత్రానికి ఎనిమిదే రంగులు. ఆ స్థాయిని 75 ఓమ్‌ల వీడియో ఇన్‌పుట్‌కు నేరుగా ఇస్తే తెల్లదనం మండిపోతుంది, కొన్ని చిప్పులు చెడిపోతాయి కూడా. ప్రతి రంగు తీగలో ఒక రెసిస్టర్ వరుసలో వేయాలి. లెక్క సులువు: 5 వోల్టులకు 470 ఓమ్‌లు వేస్తే అవతల 75 ఓమ్‌ల మీద మిగిలేది 0.69 వోల్టు. 3.5 వోల్టులకు 330 ఓమ్‌లు వేస్తే 0.65. ముందు 470తో మొదలుపెట్టి, బొమ్మ మసకగా ఉంటే 330కి దిగడం క్షేమం. సింక్ తీగకూ అదే జాగ్రత్త. బొమ్మ అసలు నిలవకుండా వాలిపోయి దొర్లుతుంటే, సింక్ తలకిందులుగా ఉందేమో చూడాలి. దాన్ని తిప్పే లింకు ఎస్31 బోర్డు మీదే ఉంది.

ఎనిమిది రంగులే ఉండడం వల్ల ఒక మేలుంది, తెగిన తీగ ఏదో తెరే చెబుతుంది. తెల్లగా రావాల్సిన అక్షరాలు పసుపుగా వస్తే నీలం తీగ పోయింది. లేత నీలంగా వస్తే ఎరుపు పోయింది. గులాబీగా వస్తే ఆకుపచ్చ.

ఈ యంత్రానికి ఇవాళ అన్నిటికంటే బాగా కుదిరేది ఆర్‌జీబీ-టు-హెచ్‌డీఎంఐ అనే బోర్డు. డేవిడ్ బ్యాంక్స్, ఇయాన్ బ్రాడ్‌బరీ బీబీసీ మైక్రో కోసమే మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ పని ఇది. ఒక రాస్ప్‌బెర్రీ పై జీరో, దాని మీద ఒక చిన్న లాజిక్ చిప్పు ఉన్న బోర్డు. దీని గొప్ప ఏమిటంటే, వచ్చిన సంకేతాన్ని ఎడాపెడా నమూనాలు తీయదు. కంప్యూటర్ ఒక్కో చుక్కను ఎప్పుడు పంపుతుందో ఆ క్షణానికే తన గడియారాన్ని కట్టుకుని, చుక్క నడిమధ్యన ఒక్కసారి చూస్తుంది. సంకేతం డిజిటల్ కాబట్టి చూసింది తప్పు కాదు. అందువల్ల తెర మీద వచ్చే బొమ్మలో మసక అన్నదే ఉండదు, ఎమ్యులేటర్‌లో చూసినట్టు ఉంటుంది. (ట్యూబు మీద ఉండే మెత్తదనం కావాలనుకునేవారికి అదే లోపంగా తోస్తుంది, ఆ గొడవ ఎప్పటికీ తెగదు.)

మామూలు కన్వర్టర్లు ఇక్కడ తడబడే చోటు మోడ్ 7 అనే తెర అమరిక. బీబీసీ మైక్రో మిగతా మోడ్‌లు 16 మెగాహెర్ట్జ్ గడియారం మీద చుక్కలు పంపితే, టెలిటెక్స్ట్ చిప్పు గీసే మోడ్ 7 మాత్రం 12 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. పైగా ఇంటర్‌లేస్ అవుతుంది. ఒకదానికి సరిచేసిన అమరిక రెండోదానికి పనికిరాదు. ఆర్‌జీబీ-టు-హెచ్‌డీఎంఐ బోర్డు రెండింటినీ గుర్తుపట్టి తనే మారుతుంది. వేరే కన్వర్టర్ వాడేవారు కనీసం మిగతా మోడ్‌ల వణుకునైనా తగ్గించుకోవచ్చు. కీబోర్డు మీద "*టీవీ 0,1" కొట్టి ఆ తర్వాత మోడ్ మారిస్తే ఇంటర్‌లేస్ ఆగిపోతుంది. మోడ్ 7 ఆ మాట వినదు.

ఇక తెర ఎంపిక. 640×256 బొమ్మను అడ్డంగా రెండింతలు, నిలువుగా నాలుగింతలు చేస్తే 1280×1024. అంటే పదిహేను ఇరవై ఏళ్ల కిందట ఆఫీసుల్లో ప్రతి బల్ల మీదా ఉన్న 17, 19 అంగుళాల చదరపు ఎల్‌సీడీల కొలత, చుక్క పోకుండా. కొత్త వెడల్పు టీవీ కంటే ఆ పాతదే ఈ యంత్రానికి తగిన జోడీ. 1920×1080 తెరలో కూడా 1024 గీతలు పడతాయి, మిగిలిన 56 గీతలు పైనా కిందా నల్లగా ఉంటాయి. స్పెక్ట్రమ్ 192 గీతలు ఐదింతలైతే 960, కమోడోర్ 200 గీతలు ఐదింతలైతే 1000. గుణకం పూర్ణాంకం కాకపోతే కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా వచ్చి అక్షరాలు వంకరపోతాయి. టీవీలో 16:9కి సాగదీసే అమరిక ఉంటే ముందు దాన్ని 4:3కి మార్చాలి. సాగిన బొమ్మకు ఎంత మంచి కన్వర్టర్ పెట్టినా వృథాయే.

యాభై ఫ్రేములు

పర్సనల్ కంప్యూటర్ల కోసం అమ్మే మానిటర్లలో చాలావాటికి నిలువు ఫ్రీక్వెన్సీ 56 నుంచి 75 హెర్ట్జ్ అని ఉంటుంది. 50 ఇస్తే తిరస్కరిస్తాయి. మన దేశంలో అమ్మే టీవీలు 50 హెర్ట్జ్ ప్రసారాలకు అలవాటు పడినవి కాబట్టి హెచ్‌డీఎంఐలో 50ని మామూలుగా ఒప్పుకుంటాయి. మానిటరే కావాలనుకుంటే మాన్యువల్లో ఈ అంకె చూసి కొనాలి. వచ్చే సంకేతానికి తగ్గట్టు వేగం మార్చుకునే ఫ్రీసింక్ ఉండి 48-75 అని రాసినవి సాధారణంగా పనికొస్తాయి.

చవక ఏవీ-టు-హెచ్‌డీఎంఐ డబ్బాలు ఈ తిరస్కారాన్ని వేరే దారిలో తప్పిస్తాయి. ఏమొచ్చినా 60 హెర్ట్జ్‌గా మార్చి పంపుతాయి. ఐదు ఫ్రేములను ఆరు చేయాలి కాబట్టి సెకనుకు పదిసార్లు ఒక ఫ్రేము రెండుసార్లు కనబడుతుంది. కదలని బొమ్మలో తెలియదు. పక్కకు జరిగే ఆట ఏదైనా పెడితే మాత్రం గతుకుల రోడ్డు మీద బస్సులా కదులుతుంది. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేస్తాయి. 288పీని ఇంటర్‌లేస్ ప్రసారంగా పొరబడి, వరుసగా వచ్చిన రెండు వేర్వేరు ఫ్రేములను ఒకే ఫ్రేము రెండు సగాలుగా కుడతాయి. ఫ్రేము విడిచి ఫ్రేము మెరుస్తూ నీడలా కనబడాల్సిన బొమ్మలు మాయమవుతాయి, లేదా దువ్వెన పళ్లలా చీలిపోతాయి. బేసిక్ ప్రోగ్రాములు రాసుకునేవారికి ఇదేమీ అడ్డు కాదు, వారికి ఆ డబ్బా చాలు. కొనేటప్పుడు దాని మీద బాణం గుర్తు మాత్రం చూడాలి. అచ్చం అదే డబ్బాలో హెచ్‌డీఎంఐ-టు-ఏవీ కూడా అమ్ముతారు, అది పనిచేసేది ఒక దిక్కులోనే.

ఫ్రేమును దాచుకోకుండా ప్రతి గీతనూ వచ్చింది వచ్చినట్టు రెండింతలో ఐదింతలో చేసి పంపేది ఓఎస్ఎస్‌సీ. మార్కస్ హీన్‌కారి రూపొందించిన ఈ పరికరంలో ఆలస్యం ఫ్రేములో ఒక చిన్న తునక మాత్రమే, ఫ్రేము మొత్తం ఆగితే 20 మిల్లీసెకన్లు. కానీ కంప్యూటర్ 50.08 ఇస్తే ఇదీ 50.08నే పంపుతుంది, తెరకు నచ్చాలి. దీనికి కాంపోజిట్, ఎస్-వీడియో ఇచ్చే వీలు లేదు. రెట్రోటింక్ 5ఎక్స్ లాంటివి అన్నీ తీసుకుంటాయి, ధర కూడా అలాగే తీసుకుంటాయి. తక్కువ ఖర్చులో ఓపిక ఉన్నవారి దారి జీబీఎస్-8200. ఇది ఆట యంత్రాల కోసం చైనాలో వచ్చిన బోర్డు. విడిగా దాని బొమ్మ అంతంతమాత్రమే. దాని సొంత కంట్రోలర్‌ను జంపర్‌తో ఆపేసి, ఈఎస్‌పీ8266 అనే వైఫై బోర్డు కలిపి, జీబీఎస్-కంట్రోల్ అనే ప్రోగ్రామును ఎక్కిస్తే వేరే పరికరం అవుతుంది. అమరికలన్నీ ఫోన్ బ్రౌజర్‌లో కనబడతాయి. ఎస్ఐ5351 గడియారపు చిప్పు కూడా చేరిస్తే, అవుట్‌పుట్ ఫ్రేములు కంప్యూటర్ ఫ్రేములతో కాలు కలిపి నడుస్తాయి, కదిలే బొమ్మను అడ్డంగా చీల్చే గీత పోతుంది.

అమిగా 500 వాళ్లకు వచ్చే తలనొప్పి సాకెట్‌తోనే మొదలవుతుంది. 23 పిన్నుల ఆ ప్లగ్గు ఇప్పుడు అరుదు. 25 పిన్నుల దాన్ని ఒక చివర రెండు పిన్నులు పోయేలా కోసి వాడతారు. ఎరుపు 3, ఆకుపచ్చ 4, నీలం 5, సింక్ 10. ఈ రంగులు అనలాగ్, స్థాయి సరిగానే ఉంటుంది కాబట్టి వాటికి రెసిస్టర్లు అక్కర్లేదు. 21వ పిన్‌లో మైనస్ 12, 22లో ప్లస్ 12 వోల్టులు ఉంటాయి. ఒక్క సోల్డర్ బొట్టు పక్కకు జారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు, కలిపే ముందు మల్టీమీటర్‌తో పక్క పిన్నుల మధ్య షార్ట్ లేదని చూసుకోవాలి. కన్వర్టర్‌కు స్కార్ట్ సాకెట్ (ఐరోపా టీవీల వెనక ఉండే బహు పిన్నుల సాకెట్) ఉంటే 23వ పిన్‌లోని 5 వోల్టులను 180 ఓమ్‌ల ద్వారా స్కార్ట్ 16వ పిన్నుకు ఇవ్వాలి. ఆ పిన్‌లో 1 నుంచి 3 వోల్టులు కనబడితేనే అవతలి పరికరం ఆర్‌జీబీ వైపు తిరుగుతుంది. చవక స్కార్ట్ డబ్బాల్లో కొన్నిటికి ఆర్‌జీబీ పిన్నులు లోపల ఎక్కడికీ కలపరు, పేరుకే స్కార్ట్.

అమెరికా నుంచి తెచ్చిన యంత్రాలకు ముందు చూడాల్సింది తెర కాదు, కరెంటు. అక్కడివి 120 వోల్టులవి, ఇక్కడ 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టకూడదు. యాపిల్ 2 అయితే ఇంకో సంగతి: అది రంగును విడిగా పంపదు, చుక్కల వరుస వల్ల ఎన్‌టీఎస్‌సీ టీవీలో రంగు పుట్టేలా చేస్తుంది. ఆ సంకేతం ప్రమాణానికి కొంచెం పక్కగా ఉండడంతో కొత్త టీవీల్లో ఎక్కువగా బూడిదరంగే వస్తుంది. లైట్ పెన్ను, లైట్ గన్ను మాత్రం ఏ ఫ్లాట్ తెర మీదా పనిచేయవు. ట్యూబులో కిరణం వాటి ముందు నుంచి వెళ్లిన క్షణాన్ని అవి పట్టుకుంటాయి, ఇక్కడ కిరణమే లేదు.

తీగలు కలిపేటప్పుడు రెండు పరికరాలూ ఆపి ఉంచాలి. రెండు పిన్నుల ప్లగ్గుతో నడిచే టీవీల లోహపు భాగాల మీద కొద్దిపాటి లీకేజీ వోల్టేజీ తేలుతూ ఉంటుంది. వేలికి జివ్వుమనేది అదే. ప్లగ్గులో నడిమి పిన్ను గ్రౌండ్ కంటే ముందు తగిలితే, ఆ వోల్టేజీ నేరుగా నలభై ఏళ్ల వీడియో చిప్పులోకి వెళ్తుంది. కమోడోర్ 64 పాత అడాప్టర్‌ను అయితే కంప్యూటర్‌కు పెట్టకముందే కొలవాలి. 5 వోల్టుల డీసీ పిన్ 5.2 దాటితే దాన్ని పక్కన పడేయాలి. లోపలి రెగ్యులేటర్ పాడైనప్పుడు వోల్టేజీ తగ్గదు, పెరుగుతుంది, ముందు పోయేవి రామ్ చిప్పులు. స్పెక్ట్రమ్‌కు కొత్త అడాప్టర్ కొంటుంటే 9 వోల్టుల డీసీ ఒక్కటే చూస్తే చాలదు, దాని ప్లగ్గులో నడిమి భాగం మైనస్. ఇప్పుడు అంగళ్లలో దొరికేవాటిలో దాదాపు అన్నిటికీ అది ప్లస్.